ఆవుకి పెట్టిన పిండి

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా పని నమలడం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పుచ్చిన పన్ను శుభ్రం చేసి డాక్టరు అందులో తెల్లటి పదార్థం ఒకటి నింపుతాడు కదా, అది ఎన్నేళ్ళు అరక్కుండా నిలుస్తుందో ముందే తేల్చి చెప్పాలి. మనుషుల నోళ్ళలో పెట్టి ఏళ్ళ తరబడి చూస్తూ కూర్చుంటే కంపెనీ మూసుకోవాల్సిందే. అందుకని మనుషుల బదులు ఒక యంత్రం నములుతుంది. అది నమిలాక పదార్థం ఎంత అరిగిందో కొలవడం నా బతుకుతెరువు. జర్మనీలో కైసర్స్‌లౌటర్న్‌కి కొన్ని స్టేషన్ల అవతల, అడవి అంచునున్న చిన్న ఊళ్ళో ఒక కంపెనీలో ఈ పనే చేసి రిటైరయ్యాను.

ఇప్పుడు మాస్టర్స్‌కని వచ్చే మన పిల్లలు ఎక్కడైనా తారసపడితే నన్ను రెండే ప్రశ్నలు అడుగుతారు. థీసిస్ యూనివర్సిటీలో చెయ్యాలా, కంపెనీలో చెయ్యాలా? బ్లూ కార్డు ఎందులో త్వరగా వస్తుంది? ఈ రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. మీలాగే వచ్చిన ఒక కుర్రాడి సంగతి మాత్రం ఉంది. పేర్లు చెప్పను. చెప్పినా మీకు ఉపయోగం లేదు.

ముందు యంత్రం గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. రెండు చక్రాలు ఒకదాన్నొకటి ఆనుకుని తిరుగుతుంటాయి. ఒకదాని అంచున మేం పరీక్షించే పదార్థం ఉంటుంది. రెండోది ఉక్కు చక్రం, అంటే ఎదురు పన్ను. రెండింటి మధ్యా పల్చటి పిండి. బియ్యమూ, పొట్టుతో సహా పగలగొట్టిన హిర్జె అనే గింజా, అంటే మన వరిగల్లాంటివి, నీళ్ళు పోసి మిక్సీలో తిప్పితే వచ్చే పిండి అది. నోట్లో అన్నం ముద్ద చేసే పని ఈ పిండి చేస్తుందన్నమాట. నిలవుంటే పులుస్తుంది కాబట్టి ఏ పరీక్షకా పరీక్ష తాజాగా రుబ్బుకోవాలి. యంత్రం రోజంతా నెమరేస్తున్నట్టు గరగరమంటుందని ల్యాబ్‌లో దానికి ఆవు అని పేరు పెట్టారు. “ఆవుకి మేత పెట్టారా?” అన్నదే మా పొద్దుటి పలకరింపు.

కుర్రాడిది జగిత్యాల దగ్గర. యూనివర్సిటీ నుంచి థీసిస్ కోసం మా దగ్గరికి వచ్చాడు. మొదటిరోజే కారిడార్‌లో ఎదురై, “నమస్తే ఆంటీ! మీరు తెలుగంట గదా!” అన్నాడు, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు.

“ఇక్కడ నేను ఆంటీని కాను,” అన్నాను.

“మరి ఏమని పిలవాలె?”

“అందరూ ఎలా పిలుస్తారో అలా. పేరు పెట్టి.”

పెద్దదాన్ని పేరు పెట్టి పిలవడానికి వాడికి నోరు రాలేదు. చివరికి మేడమ్ దగ్గర రాజీ పడ్డాం. మీకిది కఠినంగా అనిపించొచ్చు. ఆ ల్యాబ్‌లో నేను ‘ఇండియావిడ’గా కాక అరుగుదల సంగతి తెలిసిన మనిషిగా నిలబడడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఒక్క ఆంటీతో అదంతా కడుక్కుపోతుందేమోనని నా భయం.

కుర్రాడి ఆలోచన బాగుంది. పన్నులో నింపే పదార్థంలో మెత్తటి ప్లాస్టిక్‌లాంటి జిగురూ, అందులో గాజు పొడీ ఉంటాయి. నమిలే కొద్దీ జిగురు అరిగి, గాజు రేణువులు ఒక్కొక్కటే ఊడిపోతాయి, సున్నం పట్టు వదిలిన గోడలోంచి రాళ్ళు రాలినట్టు. ఆ రేణువులకి కొత్తరకం పూత పూస్తే జిగురుని గట్టిగా పట్టుకుంటాయని వాడి వాదన. పూత పూశాడు. పదార్థం తయారుచేశాడు. మా టెక్నీషియన్‌కి పని ఒత్తిడిగా ఉండడంతో ఆవు దగ్గర పని కూడా తనే నేర్చుకుని చేసుకున్నాడు. ఆవిడ నా వయసుదే, ఆ ఊరి మనిషి, మాట కరుకు, చెయ్యి నిదానం. అన్నేళ్ళూ పక్కపక్కనే కాఫీ తాగాం.

మొదటి ఫలితం వచ్చినరోజు మా విభాగాధిపతి స్వయంగా కేకు పట్టుకొచ్చాడు. కొత్త పదార్థం పాతదానిలో సగమే అరిగింది. పాతది ఎంత అరుగుతుందో మాకు కంఠతా వచ్చు కాబట్టి దాన్ని మళ్ళీ చక్రానికి ఎక్కించే అలవాటు మాకు లేదు. సగం! ఇలాంటి అంకె నా సర్వీసులో చూడలేదు. వసంతంలో దంతవైద్యుల ప్రదర్శనలో పెడదామన్నారు. థీసిస్ అవ్వగానే ఇక్కడే ఉద్యోగమని కుర్రాడికి మాటిచ్చారు. ఉద్యోగమంటే బ్లూ కార్డు, అంటే ఇక్కడే ఉండి పనిచేసుకునే అనుమతి. విదేశీయుల ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, కూడా దొరికిందని వాడు ల్యాబంతా తిరిగి చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో టెర్మిన్ దొరకడమంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు.

బయటికి ప్రకటించే ముందు ఇంకొకరు పరీక్షని మళ్ళీ చెయ్యాలి, అది మా నియమం. టెక్నీషియన్ చేసింది. కొత్త పదార్థం పాతదానిలాగే అరిగింది.

ఎక్కడో పొరపాటన్నారు. కుర్రాడు మళ్ళీ చేశాడు. సగం. ఆవిడ మళ్ళీ చేసింది. మామూలే. అదే యంత్రం, అదే పదార్థం, అదే సంచిలోని బియ్యం. కుర్రాడు చేస్తే అద్భుతం, ఆవిడ చేస్తే ఏమీ లేదు. ల్యాబ్‌లో మాటలు తగ్గిపోయాయి. కుర్రాడు వంటగదిలోకి వస్తే కాఫీ తాగుతున్నవాళ్ళు కప్పులు పట్టుకుని లేచిపోయేవారు. మోసం అన్న మాట ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన అవసరమూ లేకపోయింది.

ఒక మధ్యాహ్నం విభాగాధిపతి నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. నాకన్నా చిన్నవాడు, చెడ్డవాడు కాదు, ప్రదర్శన దగ్గర పడుతున్నకొద్దీ పైనుంచి వాయింపు.

“ఈ ఫలితం వల్ల లాభం ఎవరికో మీకు తెలుసు,” అన్నాడు. “అతని ప్రొఫెసర్‌కి చెప్పక తప్పదు. తేలితే డిగ్రీ ఉండదు, వీసా ఉండదు. చెప్పేముందు మిమ్మల్ని అడుగుదామని. మీకు ఆ దేశం తెలుసు కదా. మీరేమంటారు?”

నాకు ఒళ్ళు మండింది. “నాకు యంత్రం తెలుసు,” అన్నాను. “దేశం గురించి రాయబార కార్యాలయాన్ని అడగండి.”

బయటికొచ్చి తలుపు గట్టిగా వేశాను. కోపం వల్ల అనుకున్నాను. కాదు, భయం. నాకూ అనుమానం ఉంది మరి. వీడు నిజంగానే అంకెలు సర్దుంటే? రేపట్నుంచి ఈ గుమ్మం ఎక్కే ప్రతి మన పిల్లవాణ్ణీ వీళ్ళు ఇలాగే చూస్తారు. నన్నూ చూస్తారు. వాడిమీద జాలికన్నా ముందు నాకు ఈ ఆలోచనే వచ్చింది.

ఆ సాయంత్రం రైల్వే ప్లాట్‌ఫాం మీద వాణ్ణి పట్టుకున్నాను.

“నిజం చెప్పు. అంకెలు ఏమన్నా సర్దావా?”

ముఖం పాలిపోయింది. “మీరు గూడ నమ్ముతలేరా? మా అమ్మ తోడు మేడమ్...”

“అమ్మని ల్యాబ్‌లోకి తేకు. ఏం చేశావో మొదటి నుంచి చెప్పు.”

“స్యాంపుల్ చేసిన. చక్రానికి పెట్టిన. బియ్యం, హిర్జె తూచిన. మిక్సీల ఏసిన, నీళ్ళు పోసి తిప్పిన. పిండి మెషిన్ల పోసిన, ఆన్ చేసిన. గంతే మేడమ్.”

“అంతేనా?”

“గంతే.”

టెక్నీషియన్ చేసేదీ అంతే. రైలు వచ్చింది, వాడు ఎక్కి తలుపు దగ్గరే నిలబడి నావైపే చూస్తున్నాడు. చెయ్యి ఊపాలో వద్దో తెలియక నేను బ్యాగులో తాళాలు వెతుక్కున్నాను.

చివరికి అందరి ఎదుటా పరీక్ష పెట్టాలని తేల్చారు. ప్రొఫెసర్ వచ్చాడు. విభాగాధిపతి, టెక్నీషియన్, నేను. కుర్రాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నుదుట కనీకనిపించనంత బొట్టుతో వచ్చాడు. పదార్థాన్ని అంతకుముందు రోజే బీరువాలో పెట్టి సీలు వేశారు. యంత్రం నడుస్తున్నంతసేపూ ఎవరూ తెరవకుండా దానికీ సీలు వెయ్యాలి. తర్వాత కొలిచేది కూడా విభాగాధిపతే. కుర్రాడికి మిగిలింది మధ్యలో పని.

“పిండి ఈ పొద్దునే నేను రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టాను, అది వాడేస్తే టైము కలిసొస్తుంది,” అంది టెక్నీషియన్.

“వద్దు,” అన్నాను. “ప్రతిదీ మొదటి నుంచీ అతనే చెయ్యాలి.”

ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. పరీక్షంటే పూర్తిగా పరీక్షే ఉండాలన్న మొండితనం, అంతకుమించి ఏమీ లేదు.

మిగతా ముగ్గురూ యంత్రం చుట్టూ చేరి సీలు కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు. నేను సింకు పక్కన స్టూలు మీద కూర్చుని కుర్రాడి చేతులవైపే చూస్తున్నాను. బియ్యం తూచాడు. హిర్జె తూచాడు. రెండూ స్టీలు గిన్నెలో పోసి, కడిగి వంచి, మిక్సీలో వేశాడు. కొలిచిన నీళ్ళు పోసి తిప్పాడు. పిండి యంత్రంలో పోశాడు. చక్రం బిగించాడు. అన్నీ శుద్ధంగా, తొందర లేకుండా. నా కంటికి ఒక్క తప్పు కూడా కనబడలేదు. మీట నొక్కి వెనక్కి జరిగినప్పుడు వాడి చొక్కా వీపున తడిసి ఉంది.

ఆవు ఆ పగలూ ఆ రాత్రీ నమిలింది. మర్నాడు సీలు విప్పి విభాగాధిపతి స్వయంగా కొలిచాడు. స్క్రీన్ మీద గీత వచ్చేదాకా అందరం ఆయన వెనకే నిలబడ్డాం.

సగం.

ప్రొఫెసర్ కుర్రాడి చెయ్యి పట్టుకుని ఊపాడు. విభాగాధిపతి నవ్వాడు, వారాల తర్వాత. సోమవారం కాంట్రాక్ట్ మీద సంతకం పెడదామన్నాడు. కుర్రాడు కళ్ళు తుడుచుకుంటూ నావైపు చూశాడు, చూశారా అన్నట్టు. నాకూ గుండెల మీంచి బరువు దిగిపోయింది.

అప్పుడు విభాగాధిపతి టెక్నీషియన్ వైపు తిరిగాడు. “అయితే తేడా మీ చేతుల్లో ఉందన్నమాట. సంగతి తేలేదాకా మీరు ఆ యంత్రం ముట్టుకోకండి. మీ పాత ఫలితాలు కూడా ఒకసారి చూడాలి.”

ఆవిడ తన కప్పు కడిగి, బోర్లించి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది. అన్నేళ్ళలో ఆవిడ నాకు చెప్పకుండా ఇంటికి వెళ్ళింది ఆ ఒక్క రోజే.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో పప్పు పొయ్యి మీద పెట్టాను. మనసులో ఆవిడ కప్పు బోర్లించిన చప్పుడే ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. గిన్నెలో బియ్యం పోశాను, నీళ్ళు పట్టాను, పిసికాను, అరచెయ్యి అడ్డం పెట్టి వంచాను. తెల్లటి కడుగు సింకులోకి జారిపోయింది. అరచేతికి చిన్న ఊక పొట్టు ఒకటి అంటుకుని ఉంది. దాన్ని దులపబోయి ఆగిపోయాను.

ఇప్పుడు పైకి వెళ్ళి పరీక్ష జరిగిన రోజు చదవండి. ‘కడిగి వంచి’ అని రాశాను. మీరు కూడా దాటేసే ఉంటారు. నేను కళ్ళప్పగించి చూస్తూ దాటేశాను. బియ్యం అంటే కడిగిన బియ్యమే మనకి. అది ఒక పనిగా మనకి లెక్కకే రాదు, ప్లాట్‌ఫాం మీద వాడి ‘గంతే’లో అది రాకపోవడంలో వింతేముంది? జర్మన్లు ప్యాకెట్ చింపి నేరుగా నీళ్ళలో పోస్తారు. మా యంత్రానికి కావలసింది అసలు ఆ పొట్టే. గింజల పైపొట్టులో ఇసుకలాంటి గరుకు ఉంటుంది, పదార్థాన్ని గీకేది అదే. మా ఇంట్లో బియ్యం కడుగు గేదెకి పోసేవాళ్ళం. ఇక్కడ అసలు సరుకంతా సింకులోకి పోయి, ఆవుకి ఉత్త మెత్తటి పిండి మిగిలింది. మెత్తటి పిండి నమిలితే ఏది మాత్రం అరుగుతుంది!

పప్పు మాడిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడ్డాను.

శనివారం పొద్దున వాణ్ణి ల్యాబ్‌కి రమ్మన్నాను. “పాత పదార్థం చక్రానికి ఎక్కించు. పిండి నువ్వే చెయ్యి,” అన్నాను. ఎందుకని అడగలేదు, సంతోషంలో ఉన్నాడు. కూనిరాగం తీస్తూ గిన్నె పట్టుకుని సింకు దగ్గరికెళ్ళాడు. నీళ్ళు తిప్పాడు.

“ఏం చేస్తున్నావు?”

“ఏం చేస్తున్న? పిండి చేస్తున్న మేడమ్.”

“ఇప్పుడు, ఈ క్షణాన, ఏం చేస్తున్నావు?”

చేతుల వంక చూసుకున్నాడు. “బియ్యం కడుగుతున్న.”

“ఎవరు కడగమన్నారు?”

నాకు మతి పోయిందేమో అన్నట్టు చూశాడు. “బియ్యం కడగకుండ ఎట్ల మేడమ్?”

“ఆవిడ నీకు నేర్పినప్పుడు కడిగిందా?”

“నేను వచ్చేటాళ్ళకే మిక్సీల పోసి పెట్టింది. కడిగే పోసుంటది గదా అనుకున్న. ఇక్కడికి వచ్చేదాక నాకు స్టవ్ ముట్టిచ్చుడు గూడ రాదు. మూడు నీళ్ళు పోసి కడుగు బిడ్డా అని మా అమ్మ వీడియో కాల్ల చూపిచ్చింది...” అంటూ ఆగిపోయాడు. సింకు జాలీలో హిర్జె పొట్టు పేరుకుని ఉంది. దాన్ని వేళ్ళతో తీసి, రుద్ది చూశాడు. తెలివైన కుర్రాడు, నేను ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

అయినా పరీక్ష నడిపించాం. ఆదివారం ఇద్దరం కొలిచాం. పాత పదార్థం, ఏ పూతా లేని మామూలు పదార్థం, అది కూడా సగమే అరిగింది. అందరం కలిసి అన్ని వారాలు మనిషిని పరీక్షించాం గానీ పాతదాన్ని పక్కన పెట్టి పదార్థాన్ని పరీక్షించాలని ఒక్కరికీ తోచలేదు.

వాడు నేలమీద కూలబడ్డాడు. “అంటే నా పూత ఏం పని చెయ్యలేదా?”

“తెలీదు. దాన్ని ఇంకా ఎవరూ సరిగ్గా పరీక్షించలేదు.”

గొంతు తగ్గించి అన్నాడు. “ఇది ఎవరికి ఎర్క మేడమ్? మన ఇద్దరికే గదా. రేపు కాంట్రాక్ట్. గురువారం టెర్మిన్. అది అయినంక చెప్పుత. శుక్రవారం చెప్పుత, పక్కా.”

“ఆవిడని యంత్రం ముట్టుకోవద్దన్నారు. తెలుసుగా?”

“నాలుగైదు రోజుల్ల ఏమైతది ఆమెకు?”

వాడి మాట నాకు అర్థం కాలేదని అబద్ధం చెప్పను. ఆ టెర్మిన్ కోసం వాడెన్ని పొద్దులు కంప్యూటర్ ముందు కూర్చున్నాడో నాకు తెలుసు. సరే అనడానికి నోటిదాకా వచ్చింది.

“ఇవాళ్టి వరకూ ఇది పొరపాటు,” అన్నాను. “రేపు సంతకం పెట్టాక మోసం. నువ్వు చెప్పకపోతే రేపు ఆ గదిలో నేను చెబుతాను. నేను చెబితే నిన్ను ఎవరూ నమ్మరు.”

లేచి బ్యాగు భుజాన వేసుకున్నాడు. “తెలుగోళ్ళను తెలుగోళ్ళే తొక్కుతరు అని మా రూమ్ల పోరలు అంటే నేను కొట్లాడిన మేడమ్. వాళ్ళు చెప్పిందే నిజం,” అని వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు బాగా తగిలింది. దీపాలు ఆపేసి, ఖాళీ ల్యాబ్‌లో కాసేపు ఏడ్చాను.

సోమవారం మీటింగ్ గదిలో బల్లమీద కాంట్రాక్ట్, పక్కన విభాగాధిపతి మంచి పెన్ను. ఆయన, కుర్రాడు, నేను, బల్ల చివర టెక్నీషియన్. పాత ఫలితాల గురించి మాట్లాడాలని ఆవిణ్ణి కూడా పిలిచారు. కుర్రాడు నావైపు చూడలేదు. విభాగాధిపతి ప్రదర్శన గురించి, కొత్త బృందం గురించి మాట్లాడాడు. కుర్రాడు తలూపుతూనే ఉన్నాడు. మాటలైపోయాయి. ఆయన పెన్ను మూత తీసి వాడివైపు తోశాడు.

నేను నోరు తెరిచాను. అంతలో వాడు కుర్చీ వెనక్కి తోసి, “ఒక్క నిమిషం,” అని గబగబా బయటికెళ్ళిపోయాడు.

విభాగాధిపతి నావంక చూశాడు. పారిపోయాడనుకున్నాను. ఇక నేనే చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. తలుపు తెరుచుకుంది.

ఒక చేతిలో స్టీలు గిన్నె, ఇంకో చేతిలో నీళ్ళ జగ్గు. చంకలో గాజు బీకరు, చొక్కా జేబులోంచి పాత పదార్థం చక్రం తొంగిచూస్తోంది. అన్నీ బల్లమీద పెట్టాడు, కాంట్రాక్ట్ పక్కనే. గిన్నెలో బియ్యం, హిర్జె ఉన్నాయి. నీళ్ళు పోశాడు. పిసికాడు. అరచెయ్యి అడ్డం పెట్టి ఆ కడుగుని బీకర్లోకి వంచాడు. తెల్లటి నీళ్ళమీద పొట్టు తేలింది. బీకరు తీసుకెళ్ళి టెక్నీషియన్ ముందు పెట్టాడు.

“నేను ప్రతిసారీ దీన్ని పారబోశాను,” అన్నాడు జర్మన్లో, తడబడుతూ. “ఇది కూడా ఒక పని అని నాకు తెలియదు. పాత పదార్థం కూడా నా పిండిలో సగమే అరిగింది. చక్రం ఇదిగో. మీ చేతుల్లో తప్పేం లేదు.”

టెక్నీషియన్ బీకరు ఎత్తి కిటికీ వెలుగులో చూసింది.

“బియ్యం ఎందుకు కడుగుతారు?” అంది.

“మురికి పోవడానికి.”

“ప్యాకెట్ మీద కడగమని లేదే?”

“మా ఇంట్లో ఎవరూ ప్యాకెట్ చదవరు.”

ఆవిడ పెదవులు బిగపట్టింది. పట్టలేక నవ్వేసింది. కుర్రాడు నవ్వలేదు, ఏడుపు ఆపుకుంటున్నాడు. విభాగాధిపతి కూడా నవ్వలేదు. కాంట్రాక్ట్ వంక చూసి, పెన్ను అందుకుని, మూత పెట్టాడు. టక్కుమంది. తర్వాత లేచి టెక్నీషియన్ దగ్గరికెళ్ళి, “నన్ను క్షమించండి,” అని చెయ్యి చాపాడు. ఆవిడ కాస్త ఆగి, ఆ తర్వాతే చెయ్యిచ్చింది.

కథ ఇక్కడ సుఖంగా ముగిసిందని చెప్పాలని నాకూ ఉంది. పూతని సరిగ్గా పరీక్షించాం, కడగని పిండితో, పాతదీ కొత్తదీ ఒకే చక్రం మీద పెట్టి. కాస్త మెరుగే, చెప్పుకునేంత కాదు. ప్రదర్శనకి వెళ్ళలేదు. సరుకు లేదు కాబట్టి ఆ ఉద్యోగమూ లేదు. గురువారం టెర్మిన్‌కి వాడు విద్యార్థి వీసా పొడిగించుకోవడానికే వెళ్ళాడు. నిజం చెప్పినందుకు ఎవరూ దండ వెయ్యలేదు. మోసగాడు అన్న మాట మాత్రం మళ్ళీ వినబడలేదు. వంటగదిలోకి వాడు వస్తే ఎవరూ లేచిపోయేవారు కాదు. పొట్టు వల్ల అరుగుదల ఎలా మారుతుందన్నదే వాడి థీసిస్ అయింది. అది రాసే రోజుల్లో మా టెక్నీషియన్ వాడి పక్కన కూర్చుని జర్మన్ దిద్దేది. వాడు నాతో మాత్రం పొద్దున పలకరింపు తప్ప మాట్లాడేవాడు కాదు. నాకు బాధగానే ఉండేది, కానీ ఆ ఆదివారం వాడితో నేనన్న మాట మళ్ళీ అనాల్సి వస్తే మళ్ళీ అంటాను.

మా పద్ధతుల కాగితంలో ‘బియ్యం కడగరాదు’ అన్న వాక్యం ఒకటి చేరింది. తర్వాత వచ్చిన జర్మన్ ట్రైనీలు అది చదివి నవ్వేవారు, అసలు బియ్యం ఎవరు కడుగుతారని. నేను కడుగుతాను, ఇవాళ పొద్దున కూడా కడిగే వచ్చాను అనేదాన్ని. మీకు నేను చెప్పదలుచుకున్నది కూడా ఇంతే. రేపు మీ చేతికింద ఎవరైనా పనిచేస్తే ఏం చేశావని అడిగి ఊరుకోకండి. చేసి చూపించమనండి. చూసేటప్పుడు మీకు సరిగ్గా అనిపించిన చోటే ఇంకోసారి చూడండి.

ఏడాది గడిచింది. ఒక సాయంత్రం వంట చేస్తుంటే ఫోన్ మోగింది.

“ఆంటీ, జాబ్ వచ్చింది. ఇంగోల్‌స్టాట్ల. కార్ల డోర్లకు రబ్బరుంటది గదా, గది అరుగుతదా లేదా టెస్ట్ చేసుడు. బ్లూ కార్డుకు కాగితాలు గూడ పెట్టేసిన.”

ఆంటీ అన్నాడు. నేను సరిదిద్దలేదు.

“ఎలా వచ్చింది?”

“ఇంటర్వ్యూల నీ పెద్ద తప్పు ఒకటి చెప్పమన్నరు. బియ్యం ముచ్చట చెప్పిన.”

“అంతేనా?”

అవతల వాడు నవ్వుకుంటున్నాడని తెలుస్తోంది.

“గంతే కాదాంటీ,” అని మొదలుపెట్టి, బియ్యం తూచిన దగ్గర్నుంచి పెన్ను మూత పెట్టినదాకా వాళ్ళకి చెప్పిందంతా ఒక్కటీ వదలకుండా చెప్పాడు. నేను పొయ్యి ఆపేసి, స్టూలు లాక్కుని కూర్చుని, అంతా విన్నాను.